నిండుగా కనిపించే గిన్నె

మోకిలలో ఇప్పుడు రెండు ఊళ్లున్నాయి. ఒకటి మా ఊరు. అరుగులు, కోళ్లు, గల్లీలో వేపచెట్టు. రెండోది శంకర్‌పల్లి రోడ్డు మీద గేట్ల వెనకాల లేచిన విల్లాల ఊరు. మా అమ్మ బ్లౌజులు కుడుతుంది. కుట్టినవాటిని ఆ గేట్ల లోపలికి ఇచ్చి రావడం నా పని. అలా వెళ్తూ వస్తూ ఉండగానే మా ఇంటికి ఒక పిట్ట వచ్చింది.

మొదట అవి రెండు.

ఒక విల్లాలో ఉండే అక్క, వాళ్ల బాబు పుట్టినరోజుకు లవ్‌బర్డ్స్ జంటను కొన్నది. సంక్రాంతికి వాళ్లు నాలుగు రోజులు ఊరెళ్లారు. పిట్టలకు లోటు రాకూడదని ఆన్‌లైన్‌లో ప్రత్యేకంగా ఒక ఫీడర్ తెప్పించారు. పైన డబ్బా, కింద చిన్న తొట్టి. డబ్బా నింపి పెడితే, తిన్నకొద్దీ గింజలు కిందికి జారాలి. ‘వారం రోజులకు సరిపోతుంది’ అని దాని మీద రాసి ఉంది.

తిరిగొచ్చేసరికి ఆకుపచ్చ పిట్ట పంజరం అడుగున పడి ఉంది. నీలం పిట్ట ఒక మూలన ఒళ్లు ఉబ్బించుకుని, కళ్లు సగం మూసుకుని కూర్చుంది. డబ్బాలో మాత్రం సగానికి పైగా గింజలు అలాగే ఉన్నాయి.

నేను బ్లౌజులు తీసుకుని వెళ్లింది సరిగ్గా ఆ మర్నాడు. “తిండి నిండా ఉంది కదమ్మా. ఎందుకు చచ్చిపోయింది? ఏదైనా జబ్బు ఉండేదేమో” అంది అక్క. బాబు ఆ గదిలోకే రావడం లేదట. “రెండోదాన్ని నువ్వు తీసుకెళ్తావా? వీడు దాన్ని చూసినప్పుడల్లా ఏడుస్తున్నాడు” అని అడిగింది. పంజరం, ఫీడర్, మిగిలిన గింజల ప్యాకెట్ అన్నీ బండి మీద పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

మా అవ్వ ముందుగా చూసింది పిట్టను కాదు, తొట్టిని. బయటికి తీసి అరచేతిలో ఒంపుకుని ఉఫ్ అని ఊదింది. చేతిలో ఒక్క గింజ కూడా మిగల్లేదు.

“గింజలేడున్నయే బిడ్డా? ఇదంత పొట్టే!”

కోడి మింగుతది, ఇది ఒలుస్తది

మనం లవ్‌బర్డ్స్ అని పిలిచేవి నిజానికి బడ్జీలు. పూర్తి పేరు బడ్జరీగార్. ఆస్ట్రేలియా ఎండు మైదానాల్లో గుంపులుగా తిరిగే చిన్న చిలకలు. అసలు లవ్‌బర్డ్స్ ఆఫ్రికావి, అవి వేరే. పెద్దదైన బడ్జీ కూడా 30 నుంచి 40 గ్రాముల బరువే ఉంటుంది. అందరూ కొనే ఇంకో బుల్లి పిట్ట జీబ్రా ఫించ్ అయితే అంతకన్నా చాలా తేలిక.

ఈ పిట్టలు గింజను మింగవు. ముక్కుతో పట్టుకుని, నాలుకతో తిప్పి, పొట్టు ఒలిచి, లోపలి పప్పు మాత్రమే తింటాయి. పొట్టు అక్కడే రాలిపోతుంది. తింటున్నది గిన్నె అంచు మీద కూర్చుని కాబట్టి, రాలే చోటు ఆ గిన్నే. కొర్ర గింజ పొట్టు చూడ్డానికి అచ్చం కొర్ర గింజలాగే ఉంటుంది. అదే రంగు, అదే ఆకారం. గంట గంటకూ గింజలు తగ్గుతాయి, గిన్నె మాత్రం తగ్గినట్టు కనిపించదు.

కోళ్లు, పావురాలు గింజను అలాగే మింగేస్తాయి. వాటి ముందు గిన్నె నిండుగా ఉంటే నిండుగా ఉన్నట్టే. బడ్జీ ముందు నిండుగా ఉన్న గిన్నె ఖాళీ గిన్నె కావచ్చు. ఈ ఒక్క తేడా తెలియక ఎన్ని ఇళ్లలో పిట్టలు ఆకలితో పోతున్నాయో! పిట్ట చిన్నది, ఒంట్లో నిల్వ ఉండేది తక్కువ. ఒక్క రోజు తిండి అందకపోయినా ప్రాణం మీదికి వస్తుంది.

ఆ ఫీడర్‌లో జరిగింది ఇదే. తొట్టిలో రాలిన పొట్టు గట్టిగా పేరుకుని, డబ్బా మూతిని మూసేసింది. పైనుంచి గింజ జారే దారి లేదు. పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ వెనక గింజలు కనిపిస్తూనే ఉన్నాయి, ముక్కుకు అందవు. నీలం పిట్ట బతికింది బహుశా అడుగున చెల్లాచెదురుగా పడ్డ నాలుగు గింజలు ఏరుకుని.

ఈ విషయం అక్కకు చెప్పాలా, వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. జబ్బు అనుకుంటే ఆమెకు మనశ్శాంతి. నిజం చెబితే బాధ. కానీ బాబు పెద్దయ్యాక మళ్లీ పిట్టలు కావాలంటాడు, మళ్లీ ఆ ఫీడరే కొంటారు. చివరికి చెప్పాను. అక్క చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒకే మాట అంది, “డబ్బా మీద వారం అని రాశారు. పొట్టు సంగతి రాయలేదు.”

ఆమెది నిర్లక్ష్యం కాదు. ప్రేమగానే కొన్నది. కాకపోతే గిన్నెను ‘ఎన్ని రోజులకు సరిపోతుంది’ అన్న లెక్కతో ఎంచుకుంది. అసలు అడగాల్సిన లెక్క వేరే ఉంది: ‘ఇందులో ఏముందో నాకు రోజూ తెలుస్తుందా?’

చిన్న గిన్నే మంచిది

ఈ పంజరం కోసం నేను కొత్త గిన్నెలు వెతకడం మొదలుపెట్టాను. పాతబస్తీలో చార్మినార్ దగ్గరి ముర్గీ చౌక్ ఎప్పటినుంచో పిట్టల అంగళ్లకు పేరు. ఒక ఆదివారం అక్కడిదాకా వెళ్లాను. ఆన్‌లైన్‌లో అయితే అంతు లేదు. గులాబీ రంగువి, పండు ఆకారంలోవి, మూతలున్నవి, బొమ్మలున్నవి. ఈ రంగులన్నీ కొనే మనకోసం. పిట్టకు కావాల్సినవి మూడే. అందాలి, కనపడాలి, కడగడానికి రావాలి.

ఒక బడ్జీ రోజంతా తినేది ఒకటిన్నర, రెండు చెంచాల గింజలు. అంటే దానికి పెద్ద గిన్నె అక్కర్లేదు. లోతు తక్కువగా, నోరు వెడల్పుగా ఉన్న చిన్న గిన్నె చాలు. లోతు ఎక్కువైతే పైన పొట్టు, కింద గింజలు. చాలా పిట్టలు పొట్టును తవ్వి అడుగున వెతకవు. పైగా రోజూ ఖాళీ అయ్యే గిన్నెను మనం రోజూ నింపాల్సి వస్తుంది. ‘అబ్బా, రోజూనా’ అనిపిస్తుంది కదా, ఆ ‘రోజూనా’లోనే పిట్ట ప్రాణం ఉంది. నింపడానికి వెళ్లినప్పుడే కదా దాని ముఖం చూసేది.

మా అవ్వ ఇంకో మెట్టు పైకెళ్లింది. పొద్దున్నే గిన్నెలో మిగిలినదాన్ని చేటలో పోసి రెండుసార్లు చెరుగుతుంది. పొట్టు ఎగిరి మా కోళ్ల ముందు పడుతుంది, గింజలు చేటలో మిగులుతాయి. బియ్యం చెరిగినట్టే. మీ ఇంట్లో చేట లేకపోతే బాల్కనీలోకి తీసుకెళ్లి మెల్లగా ఊదితే చాలు. మిగిలినవి ఎన్నో, అది తిన్నది ఎంతో తేలిపోతుంది. నిన్న తిన్నదాంట్లో సగమే తిన్నదంటే, ఒళ్లు బాగాలేదని మొదటి కబురు అదే.

గింజల ప్యాకెట్ మీద ‘కంగ్నీ’ అని ఉంటే కంగారు పడకండి. అవి మన కొర్రలే. షుగర్ ఉందని మా అవ్వ వండుకుని తినేవి, ఈ పిట్ట ఒలుచుకుని తినేవి ఒకటే. “నా కంచంలకెళ్లి దీనికి పోస్తున్నర్” అని అవ్వ రోజూ ఒకసారి అంటుంది.

రాగి చెంబు, జీఐ తీగ

గిన్నె దేనితో చేసినదన్నది తర్వాతి ప్రశ్న. రాగి చెంబులో నీళ్లు మనకు మంచివని అవ్వ తన పూజ సామాన్లలోంచి ఒక చిన్న రాగి గిన్నె తీసింది. వద్దన్నాను. మన పెద్దవాళ్లే రాగి, ఇత్తడి పాత్రల్లో పులుపు పెట్టొద్దనేవారు. వంటకు వాడాలంటే లోపల కళాయి పూయించేవారు. పులుపు తగిలితే లోహం కరిగి తిండిలోకి దిగుతుందని వాళ్లకు తెలుసు. పిట్ట తన నీళ్లలో పండు ముక్క వేస్తుంది, ఆకు వేస్తుంది, రెట్ట కూడా వేస్తుంది. మనకు చుక్కంత అయినది 35 గ్రాముల ఒంటికి ఎక్కువే. అవ్వ విని, “గట్లయితే పూజకే ఉండనీ” అని లోపల పెట్టేసింది.

ఇంతకన్నా ప్రమాదం జింక్. జీఐ తీగ, జీఐ పైపు అంటామే, అది ఇనుము మీద జింక్ పూత. చవక పంజరాల తీగలు, గిన్నె తగిలించే కొక్కేలు చాలావరకు ఇవే. చిలక జాతి పిట్టలకు దేన్నైనా కొరికి చూడటం అలవాటు. జింక్, సీసం కడుపులోకి వెళ్తే వాటికి విషం. గిన్నె ఒక్కటీ మంచిది కొంటే సరిపోదు, దాని కొక్కెం కూడా చూడండి. పూత పొరలు పొరలుగా లేస్తుంటే పక్కన పెట్టేయండి.

పంజరంతో పాటు ఊరికే వచ్చే ప్లాస్టిక్ గిన్నెలు విషమేమీ కావు. వాటి ఇబ్బంది గీతలు. పిట్ట కొరుకుతుంది, మనం పీచుతో రుద్దుతాం, గీతలు పడతాయి. ఆ గీతల్లో జిగురు చేరుతుంది, ఎంత కడిగినా పోదు. మన ఎండలకు ఏడాది తిరిగేసరికి అవి పెళుసుగా మారి పగుళ్లిస్తాయి. వాడుకోవచ్చు, కాకపోతే గీతలు పడగానే మార్చేయాలి. పింగాణీ గిన్నె బరువుగా ఉండి ఒరగదు, కడగడం సులువు. అంచు పెచ్చు ఊడితే మాత్రం పనికిరాదు.

చివరికి నేను ఎంచుకున్నది మనం అన్నం తినే స్టీలే. పంజరం తీగలకు బయటి నుంచి మరతో బిగించే చిన్న స్టీలు గిన్నెలు దొరుకుతాయి. పిట్ట తోసినా పడవు, వేడినీళ్లలో వేసి కడగొచ్చు, కొరికినా ఏమీ కాదు. అంచు మీద వేలు తిప్పి చూడండి. మన వేలికి గీసుకునే అంచు దాని నాలుకనూ గీస్తుంది.

నీళ్లకు తీరిక ఉండదు

గింజలకన్నా నీళ్లు ముందు చెడిపోతాయి. మే నెలలో మా రేకుల షెడ్డు కింద పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి గోరువెచ్చగా అవుతాయి. అందులో రెండు గింజలు, ఒక రెట్ట పడితే సాయంత్రానికి వాసన. రెండు మూడు రోజులు మార్చకపోతే గిన్నె లోపల వేలికి జారుడుగా తగులుతుంది. అది నీటి మరక కాదు, క్రిములు అల్లుకున్న పొర. నీళ్లు పారబోసి కొత్తవి పోస్తే ఆ పొర పోదు. గిన్నె తీసి రుద్ది కడగాల్సిందే.

అందుకే నీళ్ల గిన్నెలు రెండు కొనండి. ఒకటి పంజరంలో, ఒకటి కడిగి ఎండలో. మనం పళ్లాలు తోమే సబ్బు చాలు. సబ్బు వాసన పోయేదాకా కడగాలి. మామూలు రోజుల్లో రోజుకోసారి, ఎండాకాలం రెండుసార్లు నీళ్లు మార్చాలి.

గొట్టం చివర స్టీలు గోళీ ఉండే సీసాలు కూడా దొరుకుతాయి. రెట్ట పడదు, నీళ్లు శుభ్రంగా ఉంటాయి, నిజమే. అయితే గోళీ ఇరుక్కుంటే చుక్క రాదు, లోపల గాలి పట్టేసినా రాదు. సీసా నిండుగానే కనిపిస్తుంది. ఫీడర్ కథే మళ్లీ. అది వాడేవాళ్లు పొద్దున్నే వేలితో గోళీని తట్టి చుక్క రాలుతోందో లేదో చూడాలి. కొత్తగా పెట్టినప్పుడు పిట్టకు దాన్నుంచి తాగడం తెలిసిందని కళ్లారా చూసేదాకా పాత గిన్నె తీయకూడదు.

ఆ మాటకొస్తే ఏ కొత్త గిన్నెకైనా ఇదే పద్ధతి. బడ్జీలకు కొత్త వస్తువంటే భయం. నేను స్టీలు గిన్నె పెట్టిన రోజు మా నీలంగాడు పంజరం ఆ చివరికి వెళ్లి కూర్చుంది. పాత ప్లాస్టిక్ గిన్నె పక్కనే ఉంచాను కాబట్టి సరిపోయింది. మూడో రోజు స్టీలు అంచు మీద కూర్చుని తన నీడను తనే ముద్దుపెట్టుకుంటోంది. ఆ తర్వాతే పాతది తీశాను.

ఇంకో సంగతి. తాగే గిన్నె లోతుగా ఉండకూడదు. ఫించ్‌లకు స్నానమంటే ప్రాణం, తాగే నీళ్లలోనే దిగుతాయి. అప్పుడే గూడు దిగిన పిల్లలు లోతు నీళ్లలో పడితే తేలలేవు. స్నానానికి అర అంగుళం నీళ్లున్న పళ్లెం వేరే పెట్టి, పని అయ్యాక తీసేస్తే తాగే నీళ్లు శుభ్రంగా ఉంటాయి.

ఎక్కడ తగిలించాలి?

పిట్ట కూర్చునే కర్ర కింద గిన్నె పెట్టొద్దు. పైనుంచి ఏం పడుతుందో చెప్పక్కర్లేదు. కర్రకు పక్కగా, దాని ఛాతీ ఎత్తులో ఉండాలి. గింజలు ఒక వైపు, నీళ్లు ఇంకో వైపు. పక్కపక్కన పెడితే పొట్టంతా నీళ్లలో తేలుతుంది. పంజరం గడియ తీయకుండా బయటి నుంచే తీసి పెట్టగల గిన్నె అయితే పిల్లలున్న ఇంట్లో మేలు, పిట్ట ఎగిరిపోదు.

ఒంటరిగా ఉండలేదని తర్వాత దానికి ఒక జోడును తెచ్చాం. అప్పుడు తెలిసింది, రెండు పిట్టలకు ఒకే గిన్నె అంటే బలమున్నదానికే గిన్నె. కొత్తది దగ్గరికి వస్తే మా నీలంగాడు ముక్కుతో పొడిచేది. రెండో గిన్నెను పంజరం అవతలి చివర తగిలించాక గొడవ సద్దుమణిగింది. సముద్రపు నురుగు అని ఆయుర్వేద దుకాణాల్లో దొరికే తెల్లటి పెంకు ఒకటి తీగలకు కట్టాం. కాల్షియం కోసం దాన్ని గీరుకుంటాయి, దానికి గిన్నె అక్కర్లేదు.

ఊరెళ్తే?

సంక్రాంతికి హైదరాబాద్ సగం ఖాళీ అవుతుంది. విల్లాల లైట్లన్నీ ఆరిపోతాయి. పిట్టలు, చేపలు, పిల్లులు మాత్రం లోపలే ఉంటాయి. చెప్పుకోవడానికి చాలా పరికరాలున్నాయి, ఆటోమేటిక్ ఫీడర్లు, ఫోన్‌లో చూసే కెమెరాలు. కెమెరాలో పొట్టూ గింజా ఒకేలా కనిపిస్తాయి. మనిషి చేతిలో ఊదితే తప్ప తేడా తెలియదు. పక్కింటివాళ్లకు తాళం చెవి ఇవ్వడం మొహమాటమైతే, పంజరాన్నే పట్టుకెళ్లి వాళ్లింట్లో పెట్టండి. ఇప్పుడు పండగొస్తే మా అరుగు మీద మూడు నాలుగు పంజరాలు ఉంటున్నాయి. విల్లాల ఊరి నుంచి మా ఊరికి వచ్చే చుట్టాలు అవే. ఇచ్చేటప్పుడు వాళ్లు అడిగేది “ఎంత వేయాలి?” అని. అవ్వ చెప్పే జవాబు ఒకటే, “ఎంత ఏసినం గాదు బిడ్డా, ఎంత తిన్నదో సూడాలె.”

ఒళ్లు ఉబ్బించుకుని కదలకుండా కూర్చున్నా, గిన్నె దగ్గరికి రాకపోయినా ఆలస్యం చేయొద్దు. పిట్టలు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి. మనకు కనిపించిందంటే అప్పటికే చాలా అయిందని అర్థం. పిట్టల్ని చూసే పశువైద్యుడు ఎక్కడున్నారో ముందే తెలుసుకుని నంబర్ ఫోన్‌లో ఉంచుకోండి.

ఇదంతా బయటి దేశాల నుంచి వచ్చి, పంజరాల్లోనే తరాలుగా పుట్టి పెరుగుతున్న బడ్జీలు, ఫించ్‌ల సంగతి. మన రామచిలుకను, మన జీనువాయిని పట్టి పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎంత మంచి స్టీలు గిన్నె పెట్టినా నేరమే. మొయినాబాద్ నుంచి చేవెళ్ల వెళ్లే దారిలో వందలాది మర్రిచెట్లున్నాయి. పండ్లు పండినప్పుడు అక్కడ ఆగి చూడండి. ఒక చెట్టు మీద కాయ అయిపోతే చిలక ఇంకో చెట్టు మీదికి పోతుంది. ఒక చెరువు ఎండితే ఇంకో చెరువు. వాటికి మనం చేయగలిగింది, ఎండాకాలం మేడ మీద మట్టి మూకుడులో నీళ్లు, చూరుకు ఒక వరికంకుల కుచ్చు. పెట్టడం మర్చిపోయినా అవి బతుకుతాయి.

పంజరంలోని దానికి ఇంకో చెట్టు లేదు, ఇంకో చెరువు లేదు. ఉన్నదల్లా మనం తగిలించిన ఆ రెండు గిన్నెలు. అవి ఖాళీ అయితే అది అరిచి అడగదు, మెల్లగా ముడుచుకుని కూర్చుంటుంది.

మీ ఇంట్లో పిట్ట ఉంటే ఈ వ్యాసం మూసేసి ఒకసారి పంజరం దగ్గరికి వెళ్లండి. గిన్నె బయటికి తీయండి. చేతిలో పోసుకుని ఊదండి.